ఏ సిమ్ మంచిది?

హైదరాబాదు నుంచి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కామారెడ్డి ఇంకా కొద్ది దూరం ఉన్నదనగా భిక్నూర్ వస్తుంది. సిద్ధరామేశ్వరుడి గుడి ఉన్న ఊరు. తెలంగాణ విశ్వవిద్యాలయం వారి దక్షిణ ప్రాంగణం కూడా ఇక్కడే ఉన్నది. ఈ ఊళ్ళో ఒక ఇంటిని ఊహించుకోండి. నాయనమ్మది బొత్తాల ఫోను. ఆమె ఎవరికీ చెయ్యదు, పట్నంలో ఉన్న చిన్నకొడుకు చేస్తే మాట్లాడుతుంది. తండ్రి పగలంతా పొలం దగ్గిర ఉంటాడు. అక్క కాలేజీ పాఠాలు సగం ఫోనులోనే చదువుతుంది. తమ్ముడు ఆరో తరగతి. వాడికి ఫోను లేదు గాని, ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ వాడివే!

"ఏ కంపెనీ సిమ్ మంచిది?" అని ఈ నలుగురినీ అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. విచిత్రమేమంటే, నలుగురు చెప్పేదీ నిజమే కావచ్చు.

సెల్‌ఫోను నేరుగా మాట్లాడేది మన చుట్టాలతో కాదు, దగ్గిరలో ఉన్న టవరుతో. ఆ రెండింటి మధ్యా రేడియో తరంగాలు సెకండుకు 30 కోట్ల మీటర్ల వేగంతో పోతూ వస్తూ ఉంటాయి. ఒక కంపెనీ 900 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడుతున్నదనుకుందాం. అంటే సెకండుకు 90 కోట్ల తరంగాలన్నమాట. 30ని 90తో భాగిస్తే ఒక్కొక్క తరంగం పొడవు మీటరులో మూడోవంతు, అంటే 33 సెంటీమీటర్లు, అడుగుకు కాస్త ఎక్కువ. 5జీ కోసం వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఇదే లెక్కన సుమారు 8.6 సెంటీమీటర్లు, బెత్తెడుకు కాస్త ఎక్కువ.

పెళ్ళి ఊరేగింపు దూరంగా వస్తున్నప్పుడు తలుపులు మూసుకుని ఇంట్లో కూచున్నా ముందు డోలు చప్పుడే వినిపిస్తుంది. సన్నాయి పాట వీధిలోకి వచ్చాక గాని తెలియదు. రేడియో తరంగాలు కూడా దాదాపు ఇంతే. పొడవాటివి దూరం పోతాయి, గోడలను కొంత దాటుకుని వస్తాయి. పొట్టివి తొందరగా నీరసిస్తాయి గాని, ఎక్కువ సమాచారం మోస్తాయి. పెంకుటింట్లో బాగా పలికిన ఫోను, ఇనప కడ్డీలు పెట్టి పోసిన స్లాబు కింద మూగబోవటం ఇందుకే. తండ్రికి పొలంలో బాగా అందే కంపెనీ అక్కకు గదిలో అందకపోవచ్చు. రోడ్డు మీద నిలబడి చూసి, చేను గట్టు మీద కూడా ఇలాగే ఉంటుందనుకోరాదు. ప్రకటనలో సినిమా నటుడు నిలబడ్డ చోట సిగ్నలు ఎప్పుడూ బాగానే ఉంటుంది!

ఫోను పైన కనిపించే గీతలను చూసి రెండు ఫోన్లను పోల్చరాదు. ఎన్ని గీతలు చూపాలో ఫోను తయారుచేసినవాడు తన ఇష్టం వచ్చినట్టు పెడతాడు. చాలా ఫోన్లలో సెట్టింగులలోకి పోయి సిమ్ వివరాలు తెరిస్తే డీబీఎం అని ఒక అంకె కనిపిస్తుంది. అది రుణసంఖ్య. 4జీలో -80 ఉంటే బాగున్నట్టు, -110 ఉంటే నీరసం. లెక్కల క్లాసులో నేర్చుకున్నారు గదా, -80 పెద్దది, -110 చిన్నది. ఈ కొలతలో పది తగ్గినప్పుడల్లా బలం పదో వంతు అవుతుంది. కనక -80కీ -110కీ మధ్య తేడా ముప్ఫై కాదు, వెయ్యి రెట్లు.

అంకె బాగుంటే చాలదు. ఒక టవరును చుట్టుపక్కల వాళ్ళందరూ పంచుకుంటారు. ఒకే నల్లా దగ్గిర బిందెల వరస పెరిగినట్టు, రాత్రి భోజనాల వేళకు అందరూ బొమ్మలు చూడటం మొదలుపెడితే వేగం పడిపోతుంది. పొద్దున్నే పరీక్షించి మురిసిపోతే లాభం లేదు.

ఇది సెలవులలో పిల్లలు చెయ్యదగిన పని. పక్కింటివాళ్ళవీ, చుట్టాలవీ వేరువేరు కంపెనీల సిమ్‌లు ఉంటాయి. వాళ్ళను అడిగి వంటింట్లో, మేడ మీద, బావి దగ్గిర, పొలంలో, పొద్దునా రాత్రీ అంకెలు చూసి నోటుపుస్తకంలో రాయండి. ట్రాయ్ అని టెలికాం కంపెనీలను అదుపులో ఉంచే సంస్థ 1997లో ఏర్పడింది. తమ తరంగాలు ఎక్కడెక్కడ అందేదీ కంపెనీలు పటాలు వేసి చూపాలని అది 2024లో నియమం చేసింది. ఆ పటాలూ చూడండి. కాని వాటిలో మీ వంటిల్లు ఉండదు.

ఇక ధర సంగతి. 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి మన దేశంలో మొదటి సెల్‌ఫోను పిలుపు వెళ్ళింది. అటు జ్యోతిబసు, ఇటు కేంద్రమంత్రి సుఖ్‌రామ్. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. చేసినవాడికే కాదు, ఎత్తినవాడికి కూడా ఖర్చు! 2003లో గాని ఎత్తటం ఉచితం కాలేదు. 2009లో టాటా డొకొమో సెకండుకు ఒక పైసా అన్నది. అంతవరకూ చాలామందికి నిమిషాల లెక్క: 65 సెకండ్లు మాట్లాడితే రెండు నిమిషాల డబ్బు పోయేది. నిమిషానికి రూపాయి చొప్పున రెండు రూపాయలు పొయ్యే చోట 65 పైసలు పోతే ఎవరు ఊరుకుంటారు? కొద్ది నెలలలో తక్కిన కంపెనీలు కూడా సెకండ్ల లెక్కకు దిగాయి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి కొన్ని నెలలు అంతా ఉచితంగానే ఇచ్చింది.

పోటీ వల్ల ధర తగ్గింది. పోటీలో కంపెనీలు కూడా తగ్గాయి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. అదే సంవత్సరం వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. ఇప్పుడు ఎయిర్‌టెల్, జియో, వొడాఫోన్ ఐడియా, ప్రభుత్వం వారి బీఎస్ఎన్ఎల్ మిగిలాయి. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ కొద్ది రోజుల తేడాతో ధరలు పెంచాయి. ఆ ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌కు సుమారు 29 లక్షలమంది ఖాతాదారులు పెరిగారు. సంతలో నాలుగు దుకాణాలే ఉన్నా, పక్క దుకాణానికి నడిచి వెళ్ళే కాళ్ళు మనకుంటే దుకాణదారుకు కాస్త భయం ఉంటుంది.

దుకాణంలో ధర అడిగితే "నెలకు ఇంత" అంటారు. ఆ నెల చాలా ప్లాన్లలో 28 రోజులే. 28ని 13తో హెచ్చిస్తే 364. అంటే ఏడాదికి పన్నెండు రీచార్జీలు కాదు, పదమూడు! 28 రోజుల ప్లాను 300 రూపాయలనుకుంటే, పన్నెండు నెలల లెక్క 3,600 అనిపిస్తుంది. నిజంగా పొయ్యేది 3,900. ఈ గొడవ వల్లనే, ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటీ తప్పక పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆజ్ఞ ఇచ్చింది. ఏ ప్లానైనా సరే, ధరను రోజులతో భాగించి చూస్తే అసలు బరువు తెలుస్తుంది.

రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాను అక్కకు సరిపోవచ్చు. నాయనమ్మకు అదే వేయిస్తే, ఆ ఒకటిన్నర జీబీ ప్రతి అర్ధరాత్రీ వృథాగా పోతుంది. బొత్తాల ఫోనులో ఆమె దాన్ని ఏం చేసుకుంటుంది? ఇటువంటివారి కోసం మాటలూ, ఎస్ఎమ్ఎస్‌లూ మాత్రమే ఉండే ప్లాన్లు అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నియమం చేసింది. గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. దుకాణదారు వాటి మాట ఎత్తకపోతే మనమే అడగాలి.

చివరకు మారటమే మంచిదని తేలిందనుకోండి. ఒకప్పుడు కంపెనీ మారితే నంబరు పోయేది. బ్యాంకుకూ, ఆధారుకూ, బడికీ అదే నంబరు ఇచ్చి ఉంటాం. అది పోతే ఇల్లు తాళం చెవి పోయినట్టే. అందుకని జనం ఇష్టం లేకపోయినా పాత కంపెనీలోనే ఉండిపోయేవాళ్ళు. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే ఏర్పాటు వచ్చింది. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కు ఎస్ఎమ్ఎస్ పంపితే ఒక కోడు వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని, గుర్తింపు కార్డును తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి పోవాలి. పాత కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కలో ఇంకా ఒకటే సర్కిల్. అందులో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కు అయితే ఐదు పడుతుంది. ఎవరో ఫోను చేసి ఆ కోడు చెప్పమంటే మాత్రం చెప్పరాదు. దానితో మన నంబరును వాళ్ళు తీసుకుపోగలరు. సిమ్ పోయి కొత్తది తీసుకుంటే ఏడు రోజులదాకా ఈ కోడు ఇవ్వరాదని 2024 జూలై నుంచి నియమం ఉన్నది కూడా ఆ దొంగల మూలానే.

పాత సిమ్‌లో మిగిలిన డబ్బు కొత్తదానికి రాదు, కనక రీచార్జీ అయిపోవచ్చినప్పుడు మారటం లాభం. పాతది ఆగిపోయి కొత్తది పలికేలోగా కొన్ని గంటలు ఏ ఫోనూ, ఏ ఓటీపీ రాకపోవచ్చు. అక్క పరీక్ష ఫీజు కట్టే రోజున ఈ పని పెట్టుకోకండి.