అమెరికా ప్రజాజీవనంలో పార్కు: యాజమాన్యం, ధర్మకర్తృత్వం

1. ప్రవేశిక

ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో ఉద్యానవిహారం ఒకటి. ఆ ఉద్యానం రాజుది, అతని పరివారానిది. ఆధునిక నగరంలోని పార్కు ప్రజలది. అయితే ప్రజలంటే ఎవరు? పార్కును నిర్వహించే ప్రభుత్వం దానికి యజమానా, ప్రజల తరఫున నిలిచిన ధర్మకర్తా? ఈ రెండు ప్రశ్నలకు అమెరికా సమాధానం వెతుక్కున్న తీరును కొన్ని ప్రధాన ఘట్టాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సెంట్రల్ పార్కు: నిర్మాణం, నిర్వాసితులు

న్యూయార్కులో సెంట్రల్ పార్కు కోసం భూసేకరణకు రాష్ట్ర శాసనసభ 1853లో అనుమతించింది. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ రూపొందించిన ప్రణాళిక 1858లో పోటీలో ఎంపికైంది. సంపన్నులూ శ్రామికులూ ఒకే చోట సంచరించే స్థలం ప్రజాస్వామ్యానికి అవసరమని ఓమ్‌స్టెడ్ విశ్వసించాడు. నేడు 843 ఎకరాలలో విస్తరించిన ఆ పార్కు ఈ ఆశయానికి ప్రతీకగా పేరొందింది.

ఆ నేలలో కొంత భాగం అంతకుముందు సెనెకా విలేజ్ అనే జనావాసం. 1825 నుంచి ఆఫ్రికన్ అమెరికన్లు అక్కడ స్థలాలు కొని ఇళ్లు, చర్చిలు, బడి నిర్మించుకున్నారు. ఆ కాలంలో న్యూయార్కు రాష్ట్రంలో నల్లజాతి పురుషుడికి ఓటుహక్కు రావాలంటే 250 డాలర్ల విలువైన ఆస్తి ఉండాలి. శ్వేతజాతి పురుషులకు ఆ నిబంధన వర్తించలేదు. అందువల్ల అక్కడి నేల వారికి నివాసంతోపాటు పౌరహక్కుకూ ఆధారం. 1857 నాటికి ఆ ఊరిని ఖాళీ చేయించారు. భూయజమానులకు పరిహారం దక్కినా, ఆ సమాజం చెదిరిపోయింది.

3. సభాస్థలిగా పార్కు

1634 నాటి బోస్టన్ కామన్ అమెరికాలో అత్యంత ప్రాచీనమైన పార్కుగా ప్రసిద్ధం. మేయరు అనుమతి లేకుండా అక్కడ ప్రసంగించినందుకు డేవిస్ అనే మతబోధకుడికి శిక్ష పడింది. ఇంటి యజమాని తన ఇంట్లో ప్రసంగాన్ని నిషేధించగలిగినట్లే ప్రభుత్వం పార్కులో నిషేధించవచ్చునని మసాచుసెట్స్ న్యాయస్థానం భావించింది. 1897లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

1939లో ఈ దృష్టి మారింది. జెర్సీ సిటీలో కార్మిక సంఘం సభలకు అధికారులు అనుమతి నిరాకరించగా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. వీధులు, పార్కులు ఎవరి పేరిట ఉన్నా అవి అనాదిగా ప్రజల సమావేశానికి, చర్చకు ఉద్దేశించినవని జస్టిస్ ఓవెన్ రాబర్ట్స్ అభిప్రాయపడ్డాడు. సభ జరిగే సమయం, స్థలం, పద్ధతులపై సహేతుకమైన నియమాలు విధించవచ్చు గాని, అధికారి ఇష్టానుసారం సభను నిరాకరించడం తగదనే సూత్రం క్రమంగా స్థిరపడింది.

4. వర్ణవివక్ష: రెండు వివాదాలు

మాట్లాడే హక్కు గుర్తింపు పొందినా, ప్రవేశించే హక్కు అందరికీ దక్కలేదు. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరం పార్కులలో వర్ణవిభజనను అంచెలంచెలుగా తొలగించడానికి గడువు కోరింది. 1963లో సుప్రీంకోర్టు దానిని ఏకగ్రీవంగా తిరస్కరించింది.

జార్జియా రాష్ట్రంలోని మేకన్ నగర వివాదం మరింత సంక్లిష్టమైనది. సెనేటర్ అగస్టస్ బేకన్ 1911 నాటి వీలునామా ద్వారా బేకన్స్‌ఫీల్డ్ అనే పార్కును శ్వేతజాతీయుల కోసం రాసిచ్చాడు. నిర్వహణను ప్రైవేటు ధర్మకర్తలకు అప్పగించినా పార్కు స్వభావం ప్రజాసంబంధమైనదేనని, అక్కడ వివక్ష చెల్లదని 1966లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాత నిర్దేశించిన ప్రయోజనం అసాధ్యమైనందున భూమి అతని వారసులకే చెందుతుందన్న జార్జియా న్యాయస్థానం నిర్ణయాన్ని 1970లో అదే సుప్రీంకోర్టు సమర్థించింది. నల్లజాతీయులకు ప్రవేశం లభించిన ఆ పార్కు చివరకు ఎవరికీ పార్కుగా మిగలలేదు.

5. ముగింపు

పై ఘట్టాలన్నింటిలోనూ యాజమాన్య దృష్టి, ధర్మకర్తృత్వ దృష్టి పరస్పరం ఘర్షించాయి. జెర్సీ సిటీ, మెంఫిస్ తీర్పులలో రెండవది నెగ్గింది. బేకన్స్‌ఫీల్డ్‌లో ఆస్తిహక్కుదే పైచేయి అయింది. సెనెకా విలేజ్‌లో మాత్రం ప్రజాప్రయోజనం పేరిటే కొందరు ప్రజలు నేలను కోల్పోయారు. కనుక పార్కు చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు దాని సౌందర్యంతోపాటు మూడు విషయాలను పరిశీలించాలి: ఆ నేల ఎవరి నుంచి వచ్చింది, అందులోకి ఎవరు ప్రవేశించగలిగారు, అక్కడ ఎవరు మాట్లాడగలిగారు. 'ప్రజలు' అనే మాటకు ఒక సమాజం ఆచరణలో ఇచ్చిన అర్థం ఈ మూడింటి వల్లే తేటతెల్లమవుతుంది.