పార్కిన్సన్ రోగి ఎందుకు పడిపోతాడు?

రోగికి ముందే చెప్పి, వెనుక నిలబడి, భుజాలు పట్టుకుని చటుక్కున వెనక్కి లాగుతారు. ఆరోగ్యవంతుడు ఒకటి రెండు అడుగులు వేసి నిలదొక్కుకుంటాడు. పార్కిన్సన్ వ్యాధి ముదిరినవాడు, ఎవరూ పట్టుకోకపోతే, నిలువునా పడిపోవచ్చు. తుంటి ఎముక విరిగితే మంచం పట్టాల్సిందే. (ఫరీదాబాద్‌లోనైనా గుంటూరులోనైనా ఈ పరీక్ష శిక్షణ పొందినవారే చేయాలి, మీరు ఇంట్లో చేయకండి!)

మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా కణాలు నశించి డోపమైన్ తగ్గడం ఈ వ్యాధిలో ముఖ్యమైన మార్పు. లెవోడోపా మందు కదలికల మందకొడితనాన్ని, కండరాల బిగుతును తగ్గించినంతగా శరీర సమతౌల్యాన్ని సరిచేయదు. అందుకే వ్యాయామం మీద పరిశోధనలు. అమెరికాలోని ఆరెగాన్‌లో 195 మంది రోగులపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 24 వారాలు తాయ్ చీ చేసినవారు, ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే తక్కువసార్లు పడ్డారు. కండరాలకు బలమిచ్చే వ్యాయామంతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండో సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకు అతుక్కున్నట్లు ఆగిపోయే రోగుల్లో చాలామంది, నేలమీద అడ్డంగా గీసిన గీతలను దాటుకుంటూ నడవగలుగుతారు. దానికి సుద్దముక్క చాలు.