దంతవక్రత చికిత్స – వయసు పాత్ర

పళ్ళ వరుసను, దవడల పొందికను సరిచేసే వైద్యశాఖ ఆర్థోడాంటిక్స్. 'ఋజువైన' అనే అర్థం గల గ్రీకు పదానికి దంతవాచకం చేరి ఏర్పడిన మాట ఇది. ఆ దంతవాచకమూ మన 'దంత' శబ్దమూ ఒకే మూలానికి చెందినవి. వాడుకలో మాత్రం ఈ శాస్త్రమంతా 'క్లిప్పులు వేయించుకోవడం'గా కుదించుకుపోయింది. పాలపళ్ళన్నీ ఊడాకే పిల్లలను చూపించాలనీ, పెద్దయ్యాక పళ్ళు కదలవనీ రెండు నమ్మకాలు సమాజంలో బలంగా ఉన్నాయి. ఈ రెండూ ఎందుకు సరికావో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

పన్ను ఎముకలో నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో సుమారు ఐదోవంతు మందం గల తంతుపొర ఉంటుంది. తీగ కలిగించే స్వల్పబలం నిలకడగా పనిచేస్తే, ఒత్తిడి పడిన వైపు ఎముకను కరిగించే కణాలు, తంతువులు సాగిన వైపు ఎముకను నిర్మించే కణాలు చురుకవుతాయి. కార్ల్ శాండ్‌స్టెట్ కుక్కలపై చేసిన ప్రయోగాలు 1904–05లోనే దీనిని చూపాయి. బలం పెంచితే వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు. రక్తనాళికలు నొక్కుకుపోయి కదలిక కొంతకాలం నిలిచిపోతుంది. నెలకు ఒక మిల్లీమీటరు కదలడమే సాధారణం. చికిత్సకు ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడానికి కారణం ఇదే. ఎముక కరిగి మళ్ళీ ఏర్పడే ఈ ప్రక్రియ జీవితాంతం సాగుతుంది. కనుక యాభై ఏళ్ళ వారి పన్నునూ కదల్చవచ్చు.

వయసుతో చేజారేది దవడల పెరుగుదల. ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పై, కింది మొదటి శాశ్వత దవడపళ్ళ సంబంధాన్ని బట్టి దంతవక్రతలను మూడు తరగతులుగా విభజించాడు. ఆ విభజన నేటికీ వాడుకలో ఉన్నా, లోపం పళ్ళలో ఉందా, దవడలో ఉందా అన్నది దానితోనే తేలదు. బాల్యంలో అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడదు. మర ఉన్న పరికరంతో ఇరుకైన పైదవడను వెడల్పు చేయవచ్చు. అతుకు కలిసిపోయాక ఎముకలో బిగించే చిన్న మరలో, శస్త్రచికిత్సో అవసరం కావచ్చు. వెనుకబడిన పైదవడను ముఖానికి తొడిగే పరికరంతో ముందుకు లాగడం పదేళ్ళలోపు బాగా ఫలిస్తుంది. కింది దవడ వెనుకబడినప్పుడు లెక్క వేరు. యౌవనారంభపు పెరుగుదల దాకా ఆగినా తుదిఫలితం దాదాపు అంతే. ముందే మొదలుపెడితే ఎత్తుపళ్ళకు దెబ్బలు తగిలే ప్రమాదం తగ్గుతుంది.

అందుకే ఏడేళ్ళకే తొలి పరీక్ష చేయించాలని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సూచిస్తుంది. పరీక్ష వేరు, చికిత్స వేరు. ఎక్కువమంది పిల్లలకు అప్పుడు పరిశీలన చాలు. 'ఎలాగూ ఊడేవే కదా' అని పుచ్చిన పాల దవడపళ్ళను పీకించేయడం మన ఇళ్ళలో మామూలే. ఆ ఖాళీలోకి వెనుక పన్ను జరిగితే, రావలసిన పంటికి చోటుండదు. ఖాళీని నిలిపి ఉంచే చిన్న పరికరంతో దీనిని చాలావరకు నివారించవచ్చు.

పెద్దలలో ముందుగా చూడవలసినది చిగుళ్ళను. చిగుళ్ళ వ్యాధి అదుపులో లేకుండా పన్నును కదిలిస్తే మిగిలిన ఎముక మరింత నష్టపోవచ్చు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ ప్రాంతాలవారి విషయంలో మరో చిక్కుంది. బ్రాకెట్ అతికించే ముందు ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తారు. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి సులభంగా లొంగదు. అందువల్ల అతుకు బలహీనపడి బ్రాకెట్లు ఊడవచ్చు. వైద్యుడు అతికించే పద్ధతిని ముందే మార్చుకోవలసి ఉంటుంది.

క్లిప్పులు తీసిన రోజును చికిత్స ముగిసిన రోజుగా భావించడం అన్ని వయసులవారూ చేసే తప్పు. చిగురులోని తంతువులు కొత్త స్థానానికి సర్దుకోవడానికి ఏడాది వరకూ పడుతుంది. పైగా, కింది ముందుపళ్ళు వయసుతోపాటు ఇరుకవడం క్లిప్పులు వేయించుకోని వారిలోనూ ఉన్నదే. కనుక పళ్ళను నిలిపి ఉంచే రిటైనర్ ఖర్చు, దానిని ధరించవలసిన కాలం చికిత్స ఆరంభంలోనే మాట్లాడుకోవలసిన విషయాలు.