అనాథప్రేత సంస్కారం – ప్రభుత్వ బాధ్యత: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం: దిక్కులేని మృతదేహం, నిరుపేద మృతదేహం ఒకటి కావు. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే మరణానంతర గౌరవానికి సంబంధించిన ప్రభుత్వ విధానం ఫలిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం

అనాథప్రేత సంస్కారాన్ని గొప్ప పుణ్యకార్యంగా భావించడం తెలుగు సమాజంలో తరతరాలుగా ఉంది. పుణ్యం చేసేవారి ఇష్టం. హక్కు పొందేవారి అధికారం. పరమానంద్ కటారా కేసులో 1995లో సుప్రీంకోర్టు రాజ్యాంగం 21వ అధికరణంలోని గౌరవం మృతదేహానికీ వర్తిస్తుందని చెప్పింది. నిరాశ్రయులకు వారి మతాచారం ప్రకారం అంత్యక్రియలు జరగాలన్న అంశం 2002లో ఆశ్రయ్ అధికార్ అభియాన్ కేసులో చర్చకు వచ్చింది. దాంతో ఒకప్పటి దాతృత్వం ప్రభుత్వ కర్తవ్యమైంది.

2. మూడు స్థితులు

‘అనాథ శవం’ అన్న వాడుకలో మూడు వేర్వేరు స్థితులు కలిసిపోయాయి. మొదటిది, ఎవరో తెలియని దేహం. ఇక్కడ కావలసింది సమాచారం: ఫొటో, ఆనవాళ్లు, దొరికిన చోటు, ఖననం చేసిన స్థలం నమోదు కావాలి. రెండవది, ఎవరో తెలిసినా తీసుకువెళ్లేవారు లేని దేహం. ఇక్కడ కావలసింది బాధ్యత వహించే సంస్థ. మూడవది, అయినవారున్నా ఖర్చు భరించలేని దేహం. ఇక్కడ కావలసింది వాహనం, డబ్బు. మూడవ స్థితిలోని కుటుంబాన్ని మొదటి స్థితికి నెట్టడమే అత్యంత క్రూరమైన పరిణామం. స్తోమత లేక ఆసుపత్రిలోనే వదిలి వెళ్లిన తండ్రి దేహం రికార్డుల్లో ‘అనాథ’ అవుతుంది.

3. చట్టం పలికే భాష

అసహజ మరణమైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం పోలీసులు శవపంచనామా జరుపుతారు. అవసరమైతే పోస్టుమార్టం జరుగుతుంది. చివరి బాధ్యత స్థానిక సంస్థది: ఆత్మకూరులో పురపాలక సంఘానిది, పల్లెల్లో గ్రామపంచాయతీది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం శ్మశానాల నిర్వహణతో పాటు దిక్కులేని మృతదేహాల తొలగింపును పంచాయతీ విధుల్లో చేర్చింది. అయితే మనుషుల దేహాలనూ పశువుల కళేబరాలనూ ఒకే వాక్యంలో పేర్కొంది. అక్కడ ఉన్నది పారిశుద్ధ్య దృష్టి. సంస్కారం అన్న భావానికి ఆ వాక్యంలో చోటు లేదు.

4. క్షేత్ర వాస్తవం

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల నుంచి మృతదేహాలను ఉచితంగా ఇళ్లకు చేర్చే ‘మహాప్రస్థానం’ వాహనాలు రాష్ట్రంలో ఉన్నాయి. భారతంలోని పదిహేడవ పర్వాన్ని గుర్తుచేసే ఈ పేరు ఉదాత్తమైనదే. కానీ మరణం పెద్దాసుపత్రిలోనే సంభవించదు. 2022 మే నెలలో ఆత్మకూరు నియోజకవర్గంలోని సంగంలో నీట మునిగి చనిపోయిన బాలుడిని వాహనం దొరక్క కుటుంబం ద్విచక్రవాహనంపై ఇంటికి తీసుకువెళ్లింది. 108 వాహనం ఉన్నది ప్రాణం నిలపడానికి. ప్రాణం పోయాక పల్లెలో ఏ వాహనం రావాలన్నదే అసలు ప్రశ్న.

మరొక చిక్కు శ్మశానానిది. తెలుగు పల్లెల్లో శ్మశానాలు చాలాచోట్ల కులాలవారీగా విడివడి ఉన్నాయి. గుర్తు తెలియని దేహానికి కులం తెలియదు. అందుచేత ఆరడుగుల నేల కూడా వివాదమవుతుంది. వలస కూలీ మరణిస్తే ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది.

5. ముగింపు

పోలీసు, ఆసుపత్రి, పంచాయతీ ఎవరి పని వారు ముగించినా, దేహం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట గౌరవం జారిపోతోంది. ఆ మొత్తం ప్రయాణానికి మండల స్థాయిలో ఒక అధికారి బాధ్యుడు కావాలి. కులంతో నిమిత్తం లేని ఉమ్మడి శ్మశానస్థలం ఉండాలి. గుర్తు తెలియని దేహాలను ఖననం చేసి, సమాధికి సంఖ్య వేసి, నమోదు పుస్తకం నిర్వహించాలి. ఎన్నేళ్ల తరువాతనైనా వెతుక్కుంటూ వచ్చే తల్లికి ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపగలిగినప్పుడే అది సంస్కారం. అంతవరకూ అది తొలగింపు మాత్రమే.