చిలుక పలుకులు కావు

రంగూన్ నదికి దక్షిణపు ఒడ్డున, నగరానికి ఎదురుగా ఉన్న ఊరు దలా. ఆంగ్లేయుల పాలనలో ఇరావతీ ఫ్లోటిల్లా కంపెనీ వారి ఓడల కర్మాగారం అక్కడ ఉండేది. ‘కోరంగీలు’ అని బర్మాలో పేరుపడిన తెలుగు కార్మికులు రంగూన్ రేవులలో చెమటోడ్చిన కాలమది. ఆ దలాలో నేటి ఒక తెలుగు ఇంటిని ఊహించుకోవచ్చు. “అన్నం తింటావా నాన్నా?” అని అమ్మమ్మ అడుగుతుంది. “అన్నం తింటావా నాన్నా” అంటాడు అయిదేళ్ళ మనుమడు. మరల అడిగినా అదే మాట. వెక్కిరింపని ఒకరు, చిలుక పలుకులని మరొకరు అంటారు. పిల్లవాని చూపు మాత్రం కంచం మీదనే ఉంటుంది.

విన్న మాటను విన్నట్లే తిరిగి పలకడాన్ని వైద్యులు ఎకోలేలియా అంటారు. మాటలు నేర్చే దశలో పిల్లలందరిలోను ఇది కొంత ఉంటుంది, మూడేళ్ళ నాటికి చాలావరకు తగ్గిపోతుంది. ఆటిజం గల పిల్లలలో అనేకులకు ఆ తరువాత కూడా నిలిచి ఉంటుంది. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ, అడిగిన ప్రశ్నను యథాతథంగా పలకడమే వారికి “అవును” అని చెప్పడమని గుర్తించాడు. అందులో ఒక బాలునికి, “అవును” అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని తండ్రి ఆశ చూపి ఆ మాట నేర్పాడట. ఆపైన చాలాకాలం ఆ పిల్లవాని దృష్టిలో “అవును” అంటే భుజమెక్కడమే!

1981లో ప్రిజాంట్, డుకాన్ అనే అమెరికన్ పరిశోధకులు నలుగురు ఆటిజం పిల్లల ప్రతిధ్వనులను, సుమారు వేయింటిని, సందర్భంతో సహా పరిశీలించారు. కొన్ని కోరికలు, కొన్ని అంగీకారాలు, కొన్ని సంభాషణలో తన వంతు నింపడానికి, మరికొన్ని తనకు తాను చెప్పుకోవడానికి. అర్థం లేనివి కూడా లేకపోలేదు. ఎప్పుడో విన్న మాట నెలల తరువాత పైకి రావడమూ కద్దు. పడవ దాటేటప్పుడు భయపడిన పిల్లవాడు, ఆనాడు చెవినబడిన అమ్మకందారు కేకనే భయం కలిగినప్పుడెల్లా పలకవచ్చు. ఆ పడవ ప్రయాణం తెలియనివారికి అది ప్రలాపమే.

తెలుగులో ఈ పొరపాటు కొట్టవచ్చినట్లు కనబడుతుంది. “తింటావా”లో మధ్యమ పురుష ప్రత్యయము, ప్రశ్నార్థకము రెండూ క్రియలోనే ఇమిడి ఉన్నాయి. “నీవు” అనకున్నా పురుష తారుమారవుతుంది. బర్మీస్ క్రియకు పురుష భేదం లేదు. “థమిన్ సా పీ బీ లా” (అన్నం తినడం అయిందా) అన్న పలకరింపుకు “సా పీ బీ” అంటే జవాబే. పిల్లవాడు వదలవలసినది చివరి “లా” ఒక్కటే.

అందుచేత ప్రశ్నలు తగ్గించి, పిల్లవాడు చెప్పవలసిన మాటనే పెద్దలు చెప్పడం మేలని వాక్చికిత్సకులు సూచిస్తారు. కంచం అందిస్తూ “అన్నం తింటాను” అనాలి. “అడిగినదానికి జవాబు చెప్పు” అని గద్దిస్తే ఆ వాక్యం కూడా తిరిగి వస్తుంది. వినికిడి పరీక్ష ముందుగా చేయించాలి. వచ్చిన మాటలు పోతున్నప్పుడు ఆలస్యం తగదు.

రెండు భాషల వల్లనే ఈ చిక్కు వచ్చిందని ఇంట తెలుగును మాన్పించే తల్లిదండ్రులున్నారు. మాంట్రియల్‌లో ఆటిజం పిల్లలపై జరిపిన పరిశీలనలో (2012) రెండు భాషలు వినేవారికి, ఒకటే వినేవారి కంటె అదనపు ఆలస్యం కనబడలేదు. అది చిన్న పరిశీలనే. కాని భాష మాన్పించమనడానికి ఆధారం అంతకన్నా బలహీనం. అమ్మమ్మకు వచ్చినది తెలుగొక్కటే అయినప్పుడు, తెలుగు మాన్పిస్తే ఆ పిల్లవానితో రోజంతా మాట్లాడే మనిషే మూగవోతుంది.