నా %సేవ్ చేసిన పని

ల్యాబ్‌లో ఐపైథాన్ వాడేవాళ్ళకి %టైమ్, %రన్ తెలిసే ఉంటాయి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ టైప్ చేసేది ఇంగ్లీషులోనే.) వీటిని మ్యాజిక్ కమాండ్లు అంటారు. పైథాన్ భాషలో భాగం కావు, ఐపైథాన్ అదనంగా ఇచ్చినవి. సొంతవి కూడా చేసుకోవచ్చు. మామూలు ఫంక్షన్ రాసి, పైన రిజిస్టర్_లైన్_మ్యాజిక్ అనే డెకరేటర్ పెడితే చాలు. రెండు నిమిషాల పని. నాకు గొడవ తెచ్చింది కూడా అదే.

మినీ ప్రాజెక్ట్ రోజుల్లో నా రిజల్ట్స్ లిస్టుని ఫైల్లో రాసే కమాండ్ ఒకటి చేసుకుని, దానికి ‘సేవ్’ అని పేరు పెట్టా. ఐపైథాన్‌లో అప్పటికే %సేవ్ ఉందని, అది మనం కొట్టిన లైన్లని ఫైల్లో దాస్తుందని నాకు తెలీదు. ఎర్రరూ రాలేదు, వార్నింగూ రాలేదు. పాతది పోయి నాది కూర్చుంది. ఆ రాత్రి నేను తెరిచి ఉంచిన సెషన్‌లోనే మా రూమ్మేట్ రెండు గంటలు డేటా క్లీన్ చేసి, ‘%సేవ్ డే1 1-60’ కొట్టి, విండో మూసేసి పడుకున్నాడు. పొద్దున చూస్తే ‘డే1 1-60’ అనే పేరుతో ఒక ఫైల్, లోపల నా లిస్టు!

“ఒరేయ్, సేవ్ అంటే సేవ్ కదరా!” అన్నాడు. వాడి తప్పేం లేదు.

లైన్ మ్యాజిక్‌కి పేరు తర్వాత ఉన్నదంతా ఒకే స్ట్రింగ్‌గా వస్తుంది. దాన్ని విడగొట్టి, సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం రాసినవాడి పని. నేను చూడలేదు. మొత్తాన్నీ ఫైల్ పేరు అనుకుని నా ఫంక్షన్ పని కానిచ్చేసింది. దీనికి పూర్తి వ్యతిరేకం పాత పైథాన్ ప్రాంప్ట్. ‘ఎగ్జిట్’ అని కొడితే, బ్రాకెట్లు పెట్టి మళ్ళీ కొట్టమనేది. అర్థమైనా చెయ్యదు! 2024లో వచ్చిన 3.13లో గానీ అది మారలేదు. చిరాకే, కానీ దానివల్ల ఎవరి పనీ పోలేదు.

అదృష్టం కొద్దీ ఐపైథాన్ మన లైన్లని ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో కూడా ఉంచుతుంది. ‘%హిస్టరీ ~1/1-60’ కొడితే కిందటి సెషన్ లైన్లన్నీ వచ్చాయి. అప్పుడు గానీ వాడు టిఫిన్‌కి రాలేదు.

నిజానికి ఐపైథాన్‌కి ఈ మర్యాద ఒకచోట తెలుసు. % లేకుండా ఉత్త ‘టైమ్’ అన్నా మ్యాజిక్ పనిచేస్తుంది, కానీ ఆ పేరుతో నా వేరియబుల్ ఉంటే నా వేరియబులే గెలుస్తుంది. మ్యాజిక్ కావాలంటే % పెట్టి అడగాలి. అలాగే ఉన్న కమాండ్ మీద ఇంకోటి పెడుతుంటే కూడా ఒక్క మాట అడిగితే బాగుండేది.

ఇప్పుడు నా కమాండ్ పేరు %దాచు. ఫైల్ పేరు తర్వాత ఇంకో మాట కనిపిస్తే ఆగిపోయి, ఏం కావాలో చెప్తుంది. పేరు పెట్టేముందు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, అలాంటిది ముందే ఉందేమో రెండుసార్లు చూశా.