వేరుమొద్దు తవ్వేముందు

చెట్టు కొట్టించాక భూమిలో మిగిలిన మొద్దును ఏం చేయాలి? కూచిపూడి చుట్టుపట్ల బోదెగట్ల మీద తుమ్మచెట్లు కొట్టించినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. మొద్దు గట్టి కొయ్య, నిలిచి మండుతుంది. ఇటుకబట్టీ వారు కొంటామంటే, పైనున్నది అమ్మాం గదా, కిందున్నది ఎందుకు వదలాలి అనిపించడం సహజమే.

ఫిన్లాండు దేశంలో ఈ పని పెద్దఎత్తున చేశారు. 2000 తరువాత స్ప్రూసు చెట్ల మొద్దులను యంత్రాలతో పెకలించి, కరెంటు కోసమూ వేడి కోసమూ కాల్చారు. బొగ్గు ఆదా అవుతుంది గదా అన్నారు. కాని మొద్దు నేలలోనే ఉంటే ఏళ్ళ తరబడి మెల్లగా చివుకుతుంది. కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి అంతా ఒక్కసారే పైకి పోతుంది. నేల కలగబడుతుంది. చివికే కొయ్యను నమ్ముకున్న పురుగూ బూజూ కూడు, గూడు పోగొట్టుకుంటాయి.

మనకు దగ్గరి చిక్కు గట్టుది. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. మొద్దు తవ్వి, గుంటలో వదులుమట్టి పోసి ఊరుకున్నారనుకోండి, కాలువలు వదిలిన నాడు నీరు ముందు అక్కడే దారి చేసుకుంటుంది. గండి పడితే మీ మడే కాదు, కిందివాడి నారుమడీ పోతుంది. మొద్దు డబ్బులు గండి కూలికి చాలవు! అలాగని వదిలేసి మరచిపోనూ కూడదు. వేళ్ళు చివికితే గట్టులో బొరియలు ఏర్పడతాయి, కనిపెట్టి చూడండి. తీయక తప్పకపోతే వేసవిలో తీసి, బంకమట్టిని పొరలుపొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించండి. సర్కారు కాలువగట్టు మీది చెట్టయితే నీటిపారుదల శాఖ వారిని అడగనిదే చేయి వేయవద్దు.

నందిగామ వైపు సుబాబుల్ వేసినవారికి చెప్పనక్కరలేదు. మొద్దు ఉంటేనే మళ్ళీ పిలకలు. సరుగుడు అలా సరిగా పిలకలు వేయదు కనుకనే వేళ్ళు తవ్వుతారు. ఆ వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు నత్రజనిని నేలకు చేరుస్తాయి. సన్నవేళ్ళనయినా ఇసుకలో వదలండి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ వారు, సముద్రం వైపు వరుసలను ఒకేసారి కొట్టి తవ్వించరాదు.

కొబ్బరి సంగతి వేరు. మానుమొదట ఎర్రటి బంక కారుతూ గానోడెర్మా తెగులుతో చచ్చిన చెట్టు మొద్దు ఉంచితే, తెగులు పక్కచెట్లకు పాకుతుంది. చివికే కొబ్బరి మొద్దులో కొమ్ముపురుగూ గుడ్లు పెడుతుంది. దాన్ని మాత్రం వేళ్ళతో సహా తవ్వించి, ఆలస్యం చేయకుండా తోటలోనే కాల్చేయండి.